‘ర్యామ్ 16 జీబీ – 1’ అంటే ఏ ర్యామ్?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించుకోవడం గురించి అరపేజీ వేశారు. చివర గళ్లు కట్టి ఏమేం కొనాలో జాబితా ఇచ్చారు. ప్రాసెసర్ ఐ5, మదర్‌బోర్డు ఏదైనా మంచి కంపెనీది, ర్యామ్ 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ, ఎస్ఎంపీఎస్ 450 వాట్లు. అంతే. (తెలియనివాళ్లకు చెబుతున్నా: ప్రాసెసర్ లెక్కలు చేసే మెదడు, మదర్‌బోర్డు అన్నీ బిగించే పలక, ర్యామ్ పని నడుస్తున్నంతసేపు వాడుకునే జ్ఞాపకం, గ్రాఫిక్స్ కార్డు తెర మీది బొమ్మను తయారుచేసేది, ఎస్ఎంపీఎస్ వీటన్నిటికీ కరెంటు పంచే డబ్బా.) నిరుడు ఎండాకాలం అచ్చం ఇలాంటి జాబితానే నోట్‌బుక్కు కాయితం మీద రాసుకొని నేనూ నా మనుమడూ షాపుల వెంట తిరిగాం. ఆ కాయితం పుణ్యాన రెండుసార్లు సికింద్రాబాద్ రైలెక్కాం. ఇప్పుడు మీ జాబితాను కూడా ఎవరో కత్తిరించి జేబులో పెట్టుకునే ఉంటారని తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కంప్యూటర్లు తెలిసినవాణ్ని కాను. కాజీపేటలో 38 ఏళ్లుగా మోటార్ వైండింగ్ చేస్తున్నాను. ధర్మసాగర్, వేలేరు, హసన్‌పర్తి దిక్కు రైతులు కాలిన బోరు మోటార్లు తెచ్చి నా షాపు ముందర దించుతారు. యాసంగి వరికి నీళ్లాగితే రైతు ఆగలేడు కాబట్టి రాత్రిళ్లు కూడా చుడతాం. మా పనిలో ఎవరూ ‘ఒక బేరింగ్ ఇయ్యి’ అని అడగరు. 6203 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 40. 6303కు కూడా లోపల అదే 17, షాఫ్టు మీద హాయిగా కూర్చుంటుంది. బయట మాత్రం 47. మోటార్ కప్పులో పట్టదు. ఒక్క అంకె తేడా. ‘బేరింగ్ – 1’ అని బిల్లు రాసే షాపు మా వీధిలో మూడు రోజులు కూడా నడవదు. కంప్యూటర్ షాపులు ఎలా నడుస్తున్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా చిన్నోడు, అంటే నా బిడ్డ కొడుకు, ఇంటర్ పరీక్షలూ ఎప్‌సెట్టూ అయిపోయాక కంప్యూటర్ కావాలన్నాడు. దాచడానికేముంది, గేములకే. వాళ్లమ్మ ససేమిరా అంది. నేను మధ్యేమార్గంగా లాప్‌టాప్ కొనిస్తానన్నాను. ‘లాప్‌టాప్‌ల రేపు ఏదన్న పోతె మార్వరాదు తాతా. ఇదైతె నువ్వు మోటర్ ఇప్పినట్టు ఇప్పుకోవచ్చు’ అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. పండుగలకు చేతిలో పెట్టినవన్నీ కూడబెట్టుకొని వాడి దగ్గర 11 వేలున్నాయి. మిగిలింది నాది. ఒకేసారి అంత పెట్టలేక, గ్రాఫిక్స్ కార్డు దసరాకు కొందామని ఒప్పందం చేసుకున్నాం. అప్పటిదాకా చిన్న గేములూ వీడియోలూ నడిస్తే చాలనుకున్నాం. ఈ ఒప్పందమే తర్వాత మెడకు చుట్టుకుంది.

మదర్‌బోర్డు, క్యాబినెట్, మానిటర్ హనుమకొండలో కొన్నాం. క్యాబినెట్ వెంట ఎస్ఎంపీఎస్ ఊరికే వచ్చింది. ప్రాసెసర్, ర్యామ్, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ సికింద్రాబాద్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో నాలుగు పైసలు తక్కువకు దొరుకుతాయని పొద్దున రైలుకు పోయాం. ఎటు చూసినా కంప్యూటర్ షాపులే. ఒక షాపులో కౌంటర్ మీది అబ్బాయి చెవికి ఫోను పెట్టుకునే, ‘ఐ5 ట్వెల్త్ జెన్‌కా అంకుల్? పదహారు జీబీ కదా? ఇగో, లేటెస్టుది’ అని చేతిలో పెట్టాడు. లేటెస్టు అంటే మంచిదే కదా అనుకున్నాం. బిల్లు మీద ‘ప్రాసెసర్ ఐ5 – 1, ర్యామ్ 16 జీబీ – 1, ఎస్ఎస్‌డీ – 1’ అని కొట్టి ఇచ్చాడు.

ఆ రాత్రి అన్నాలు తిని, టేబుల్ మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాం. చిన్నోడు ఫోన్లో వీడియో పెట్టుకొని ఆపుతూ నడుపుతూ చేస్తున్నాడు. మొదట ప్రాసెసర్. ఈ రకం ప్రాసెసర్‌కు కాళ్లుండవు. బోర్డు మీది గుంటలోనే 1700 సన్నని కాళ్లు, నారుమడిలా ఒకే దిక్కు వంగి నిలబడి ఉంటాయి. మూలనున్న చిన్న బంగారు త్రికోణం గుర్తుకు గుర్తు చూసి ప్రాసెసర్‌ను అందులో వదలాలి. నొక్కకూడదు, జరపకూడదు. ఒక్క కాలు వంగినా బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందేనట, వారంటీ కూడా వర్తించదట. నా వేళ్లు లావు, కళ్లకు అద్దాలు. వాడే పెట్టాడు. మీట దించుతుంటే కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆ చప్పుడు మామూలేనని వీడియోలో తర్వాత చెప్పారు.

ర్యామ్ దగ్గర పని ఆగింది. ‘గట్టిగ నొక్కాల్నట తాతా, టక్కున సప్పుడు రావాల్నట’ అని వాడు రెండు బొటనవేళ్లూ ఆనించాడు. బోర్డు నడుము వంగుతోంది. ‘ఆగు బిడ్డా’ అని చెయ్యి పట్టుకున్నాను. కూర్చోవాల్సింది కూర్చోకపోతే సుత్తి తీయకు, నంబర్ చూడు అని మా మేస్త్రీ నాకు చెప్పిన మాట. ర్యామ్‌ను బయటికి తీసి స్లాట్ పక్కన పెట్టి టార్చ్ కొట్టి చూశాను. ర్యామ్ అడుగున బంగారు పళ్ల వరుస ఉంటుంది, ఆ వరుస మధ్య ఒక గాటు. ఆ గాటులో దిగడానికి స్లాటులో ఒక అడ్డుముక్క ఉంటుంది. రెండూ ఎదురెదురుగా రావాలి. మా ర్యామ్‌కు గాటు దాదాపు నట్టనడుమ ఉంది. స్లాటులో అడ్డు కాస్త పక్కకుంది. ఇటు తిప్పినా అంతే, అటు తిప్పినా అంతే. వడ్లగింజంత తేడా.

అప్పుడు బోర్డు వచ్చిన పెట్టె తెచ్చి వెలుతురులో చదివాం. హెచ్610 అనే పెద్ద అక్షరాల తర్వాత, పేరు చివర చిన్నగా ‘డీడీఆర్4’ అని ఉంది, అంటే ర్యామ్‌లో నాలుగో తరం. సికింద్రాబాద్‌లో ఇచ్చిన లేటెస్టు ర్యామ్ డీడీఆర్5. రెండింటికీ 288 పళ్లే, చూపుకు పొడవూ ఒకటే, వోల్టేజీ మాత్రం వేరు: నాలుగుకు 1.2 వోల్టులు, ఐదుకు 1.1. ఒకదాని చోట ఇంకొకటి దిగకుండా గాటును జరిపిన పుణ్యాత్ముడెవరో గాని, వాడికి దండం.

విచిత్రం ఏమిటంటే షాపబ్బాయి అబద్ధం చెప్పలేదు. మా 12వ తరం ప్రాసెసర్ డీడీఆర్4తోనూ నడుస్తుంది, డీడీఆర్5తోనూ నడుస్తుంది. ఏది పెట్టాలన్నది బోర్డు చేతిలో ఉంది. మేం అతనికి ప్రాసెసర్ పేరు చెప్పాం, బోర్డు పేరు చెప్పలేదు. చెబుదామన్నా మాకు తెలియదు. జేబులో ఉన్న హనుమకొండ బిల్లు తీసి చూపించినా లాభం లేదు, దాని మీద ‘మదర్‌బోర్డు హెచ్610 – 1’ అని మాత్రమే ఉంది. పెట్టె మీదున్న డీడీఆర్4 అనే ముక్క బిల్లు దాకా రాలేదు. నా తగాదా అంతా ఆ ముక్క గురించే.

మర్నాడు మళ్లీ రైలు. ప్యాకింగ్ విప్పారు కాబట్టి తీసుకోం అన్నారు. బిల్లు చూపిస్తే, ‘ర్యామ్ 16 జీబీ అని రాసుంది, ర్యామ్ 16 జీబీ ఇచ్చినం గదా’ అన్నారు. ఆ కాయితం ప్రకారం వాళ్లదే న్యాయం. మధ్యాహ్నం దాకా నిలబడితే 700 రూపాయలు కోసుకొని మార్చారు. మార్చేటప్పుడు అక్కడే ఇంకో కుర్రవాడు జాలిపడి, ఒక్క 16 బదులు రెండు 8లు తీసుకోండి అంకుల్, రెండు స్లాట్లూ నిండితే జంటగా పనిచేసి గేములు ఇంకా బాగా నడుస్తాయని చెప్పాడు. నిజమే చెప్పాడు. ముందు రోజు ఈ పిల్లవాడు కౌంటర్ మీద ఉంటే బాగుండేది.

తిరుగు రైల్లో ఆ బిల్లును మొదటిసారి శ్రద్ధగా చదివాను. ర్యామ్ ఎదురుగా హెచ్ఎస్ఎన్ కోడ్ 8473 అని పొల్లుపోకుండా ఉంది. ఇంటికొచ్చి చూస్తే మదర్‌బోర్డు బిల్లు మీదా అదే 8473. పన్ను కట్టించుకునేవాడికి కావాల్సిన నంబర్ ఉంది, బిగించుకునేవాడికి కావాల్సిన నంబర్ లేదు. జీఎస్టీ నిబంధనల్లో బిల్లు మీద వస్తువు వివరణ ఉండాలనే ఉంది. ‘ర్యామ్’ అంటే వివరణ అయిపోయినట్టేనా? అట్లయితే రేపు మెడికల్ షాపాయన ‘గోలీలు – 10’ అని రాసిచ్చినా సరేననాలి.

సరే, కొత్త ర్యామ్ టక్కుమని కూర్చుంది. స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, క్యాబినెట్ లోపల రంగు లైట్లు వెలిగాయి. నా బిడ్డ వంటింట్లోంచి వచ్చి చూసి ఏమీ అనకుండా పోయింది. మానిటర్ మీద ‘నో సిగ్నల్’. రెండు రోజులు అదే మాట. కేబుల్ మార్చాం. మానిటర్‌ను సెట్‌టాప్ బాక్సుకు తగిలిస్తే సీరియల్ బ్రహ్మాండంగా వస్తోంది. ర్యామ్ పీకి మళ్లీ పెట్టాం. చిన్నోడు అన్నం సరిగా తినలేదు. బోర్డు పోయిందేమో, నా లావు వేళ్లే ఎక్కడో తగిలాయేమో అని నాకు లోపల ఒకటే గుబులు.

మూడో రోజు మా సోపతిగాని కొడుకు వచ్చాడు. ఇక్కడి నిట్‌లోనే చదువుతున్నాడు. వంగి చూసి బోర్డు అంచున ఎర్రగా వెలుగుతున్న చుక్క చూపించాడు. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘వీజీఏ’ అని ఉంది, అంటే బొమ్మ పంపే భాగం దగ్గర లోపమని. రెండు రోజులుగా బోర్డు మాకు చెబుతూనే ఉందన్నమాట, వినేవాళ్లం లేం. ‘ప్రాసెసర్ డబ్బా ఏది కాకా?’ అని అడిగి, దాని మీద వేలు పెట్టాడు. 12400ఎఫ్. ఆ చివరి ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో బొమ్మను తెరకు పంపే భాగం పనిచేయదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది గాని ఉత్తదే. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టేదాకా తెర మీద ఏమీ రాదు. మా దసరా ఒప్పందం అక్కడే మంట గలిసింది.

ఎఫ్ రకం చెడ్డదని నేననడం లేదు. ఎఫ్ ఉన్నదీ లేనిదీ రెండూ ఆరు కోర్లవే (కోరు అంటే లెక్కలు చేసే భాగం), పనిలో తేడా లేదు, ఎఫ్‌ది ధర తక్కువ. కార్డు వెంటనే కొనేవాడు ఎఫ్ తీసుకోవడమే తెలివి. కార్డు తర్వాత చూద్దాంలే అనుకునే మాబోటివాళ్లకే అది గుదిబండ. ఈ ఐ5 ఇంటెల్ కంపెనీది, దాని పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల దగ్గర ఇంకో తిరకాసు. వాళ్ల రైజెన్ 5 5600 ప్రాసెసర్‌లో ఆ బొమ్మ భాగం లేదు, 5600జీలో ఉంది. తర్వాతి తరం 7600కు చివర అక్షరమే లేకున్నా ఉంది, 7500ఎఫ్‌లో లేదు. ఒకప్పుడు ‘ఉంది’ అని చెప్పడానికి అక్షరం తగిలించారు, ఇంకొకప్పుడు ‘లేదు’ అని చెప్పడానికి. ఇంత మెలిక ఉన్నచోట మీరు ‘ప్రాసెసర్ ఐ5’ అని వదిలేశారు.

చిట్టీ పాడి కార్డుకు పైసలు సర్దాను. ఈసారి మాత్రం కార్డు కొనకముందే, దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. కరెంటు సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ పక్కన పెద్ద అంకెలతో 450 అని ఉంది. దాని కింద స్టిక్కర్ మీద చిన్న గళ్లున్నాయి. 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని రాసుంది. 12ను 18తో గుణిస్తే 216 వాట్లే. ప్రాసెసర్ గాని, గ్రాఫిక్స్ కార్డు గాని ముఖ్యంగా తినేది ఆ 12 వోల్టుల లైను నుంచే. మిగిలిన గళ్లలో 5 వోల్టులవీ 3.3 వోల్టులవీ కూడినా 450 తేలలేదు. మేం అనుకున్న రేడియాన్ ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 దాకా పోతుందని తయారుచేసిన కంపెనీయే రాసింది. కలిపి 249, ఆ 216 దాటిపోయింది. గేముల్లో ప్రాసెసర్ అంత తినదని పిల్లలన్నారు, నిజమే కావచ్చు. 3 హెచ్‌పీ స్టార్టర్‌కు 5 హెచ్‌పీ మోటార్ కట్టినాయన కూడా ‘ఫుల్ లోడ్ ఎన్నడు పడ్తది తీ’ అనే అంటాడు. ఆ మోటారే నా షాపుకొస్తుంది.

నాకు మనసాగక దాన్ని విప్పాను. మీ పాఠకులు ఆ పని చేయొద్దు, ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. చేతిలోకి తీసుకుంటేనే డొల్ల అని తెలిసిపోయింది. లోపల కరెంటు వచ్చే మొదట్లోనే బోర్డు మీద తెల్ల సిరాతో కాయిల్ బొమ్మ అచ్చేసి ఉంది, పక్కన కాళ్లకు రంధ్రాలున్నాయి. కాయిల్ లేదు. దాని చోట రెండు వైరు ముక్కలు వంచి టాకా వేశారు. కరెంటులో వచ్చే చెత్తను ఆపే కాయిల్ అది. మిషన్ నడవడానికి అది లేకున్నా నడుస్తుంది, అందుకే ఎగ్గొట్టారు. జీవితమంతా కాయిళ్లు చుట్టి పిల్లల్ని సాదుకున్నవాణ్ని. ఆ ఖాళీ జాగా చూస్తే కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది.

దాన్ని పక్కన పడేసి 550 వాట్లది వేరే కొన్నాం. 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్లు, అంటే 540. పేరూ లెక్కా కలిశాయి. దాని మీద 80 ప్లస్ బ్రాంజ్ అనే గుర్తు కూడా ఉంది. లాగిన కరెంటులో ఎంత వేడిగా వృథా పోతుందో చెప్పే గుర్తు అది, అంతవరకే. చాలామంది దాన్ని నాణ్యతకు ముద్ర అనుకుంటున్నారు. ఇందులోంచి వచ్చే కేబుళ్ల దగ్గరా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ప్రాసెసర్‌కు పోయేదీ ఎనిమిది పిన్నులే, కార్డుకు పోయేదీ ఎనిమిదే. ఒకటి నాలుగూ నాలుగుగా విడిపోతుంది, ఇంకోటి ఆరూ రెండుగా. లోపల ప్లస్సూ మైనస్సూ అటుదిటు. పిన్నుల ఆకారం మార్చి జాగ్రత్త పడ్డారు గాని, బొటనవేళ్ల బలం ఉన్న మనుమళ్లు ఇంటికొకడుంటాడు.

కార్డుల పేర్ల సంగతి మరీ అన్యాయం. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరు మీదే 8 జీబీది ఒకటుంది, 6 జీబీది ఒకటుంది. తేడా మెమొరీలోనే అనుకుంటాం కదా? కాదు. ఎనిమిది దాంట్లో 2560 కోర్లు, ఆరు దాంట్లో 2304. మొదటిది 130 వాట్లు తీసుకుంటుంది, విడిగా కేబుల్ కావాలి. రెండోది 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది, స్లాటు నుంచి వచ్చే 75 వాట్లే దానికి చాలు. మా డొల్ల ఎస్ఎంపీఎస్‌తో అదైతే నడిచేదేమో కూడా. మీ జాబితాలో ‘గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ’ అన్నారు. 2017లో వచ్చిన ఆర్ఎక్స్ 580 కూడా 8 జీబీయే. అది 185 వాట్లు తాగి, 132 వాట్ల 6600 వెనకాల రొప్పుతూ వస్తుంది. జీబీలు చూసి కార్డు కొనడమంటే ట్యాంకు సైజు చూసి మోటార్ హెచ్‌పీ చెప్పినట్టు.

కార్డు బిగించిన రోజు బొమ్మ వచ్చింది. చిన్నోడు ఎగిరి గంతేసి క్యాబినెట్ మీద చెయ్యేశాడు. ‘తాతా, జిల్లుమంటుందే!’ అన్నాడు. టెస్టర్ పెడితే సన్నగా వెలిగింది. ఇందులో ఏ షాపు తప్పూ లేదు. వైండింగ్ మేస్త్రీ ఇంట్లో, ఆ గది సాకెట్ మూడో రంధ్రానికి ఎర్త్ వైరే లేదు. దీపం కింద చీకటి. మంచి ఎస్ఎంపీఎస్‌లో ఆ చెత్తను ఆపడానికే ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప బాడీకి చిన్న కెపాసిటర్లు కడతారు. ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే బాడీ మీద సగం వోల్టేజీ తేలుతుంది. ఆ డొల్లదానికి జిల్లుమనకపోవడానికి కారణం ఇదే, దాంట్లో ఆ ఫిల్టరే లేదు కదా. ఆ ఆదివారమే పెరట్లో గుంత తీసి, బొగ్గూ ఉప్పూ పోసి, పైపు దింపి, గది దాకా ఎర్త్ లాగాను. నా బిడ్డ బకెట్‌తో నీళ్లు పోస్తూ, ‘పదేండ్ల సంది ఫ్రిజ్జు జిల్లుమంటుందని చెప్తే ఇనలే, మనుమడు ఒక్కసారి చెప్తె గుంత తవ్వినవ్’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకా చాలా ఉన్నాయి. మా చిన్నోని సోపతి ఒకడు హసన్‌పర్తిలో, షాపులో చాలా రోజులుగా నిలవున్న బీ450 బోర్డు మీద రైజెన్ 5600 పెట్టాడు. సాకెట్టూ ఒకటే, సరిగ్గా కూర్చుంది కూడా. కాని ఆ బోర్డు రకం 2018లో వచ్చింది, ప్రాసెసర్ 2022లో. బోర్డు లోపలి బయోస్, అంటే కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం, పాతది కాబట్టి ప్రాసెసర్‌ను గుర్తుపట్టలేదు. పాత ప్రాసెసర్ ఒకటి అరువు తెచ్చి పెట్టి, బయోస్ కొత్తది ఎక్కిస్తే లేచింది. ‘సాకెట్ ఒకటే’ అన్న మాట కూడా పూర్తి మాట కాదన్నమాట. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 30 సెంటీమీటర్లు దాటిపోతాయి, క్యాబినెట్‌లో ఎంత జాగా ఉందో టేపు పెట్టి కొలుచుకోవాలి. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాదు, కార్డుకు పెట్టాలి. ఇది చెబితే నవ్వుతారు గాని, కార్డు బిగించాక కూడా మేం మొదట బోర్డుకే పెట్టాం. ఇక ర్యామ్ ధర నేనేం చెప్పను. 2025 చివర్లో, తయారయ్యేదంతా ఏఐ సర్వర్లకే పోతోందని ధరలు పెరగడం మొదలైంది. ఇప్పుడు తప్పు ర్యామ్ కొన్నవాడికి మాలాగ 700తో తెగదు.

మీకు నా మనవి చిన్నది. ఇంకోసారి ఇలాంటి జాబితా వేస్తే బొమ్మలు తగ్గించి పేర్లు పూర్తిగా వేయండి. బోర్డు పేరు చివర డీడీఆర్4 ఉందా 5 ఉందా, ప్రాసెసర్ చివర అక్షరం ఏమిటి, ఎస్ఎంపీఎస్ 12 వోల్టుల గడిలో ఆంపియర్లు ఎన్ని, ఈ మూడూ రాసినా సగం రైలు చార్జీలు మిగులుతాయి. ఆ అరపేజీ రాసిన విలేకరి ఎవరో గాని, కాజీపేట దిక్కు వస్తే నా షాపులో చాయ్ తాగుతూ ఆ డొల్ల ఎస్ఎంపీఎస్ చూసిపోవచ్చు, మేకుకు వేలాడదీసి పెట్టాను.

షాపులవాళ్లకు చెప్పేది కూడా అదే. డబ్బా మీదున్న పేరును ఉన్నదున్నట్టు బిల్లు మీదకు ఎక్కించండి, దాని కింద సీరియల్ నంబర్ వేయండి. కంప్యూటర్ ముందర కూర్చొని కంప్యూటర్‌తో కొట్టే బిల్లే కదా అది. నేను చదివింది ఏడో తరగతి. నా బిల్లు బుక్కులో మోటార్ హెచ్‌పీ, వైరు గేజి, చుట్లు, రెండు వైపులా బేరింగ్ నంబర్లు కార్బన్ పేపర్ పెట్టి రాస్తాను. మూడేళ్ల తర్వాత రైతు ఆ చీటీ తెస్తే, మోటార్ విప్పకముందే ఏం సామాను తెప్పించాలో నాకు తెలుస్తుంది.

పోయిన నెల చిన్నోడు ఇంకో సోపతికి సామాన్లు కొనిపెట్టడానికి పోయాడు. బిల్లు మీద మోడల్ నంబర్ రాయమంటే కౌంటర్ అబ్బాయి ‘అంత ఎందుకు తమ్మీ, డబ్బా మీద ఉంటది గదా’ అన్నాడట. వీడు పెన్ను తీసి, ‘నువ్వు చెప్పు అన్నా, నేను రాస్త, నువ్వు సంతకం పెట్టు’ అన్నాడట. అబ్బాయి నవ్వి మళ్లీ ప్రింటు తీసిచ్చాడట. రెండు లైన్లు పెరిగింది, అంతే.

మా రెండు బిల్లుల జిరాక్సులు ఈ ఉత్తరం వెంట పంపుతున్నాను. షాపుల పేర్ల మీద కాయితం అంటించి జిరాక్స్ తీయించాను, దయచేసి అడగొద్దు. అసలు బిల్లులు వారంటీ కోసం బీరువాలో దాచాం. మూడేళ్ల వారంటీ ఉందన్నారు. ఆ ‘మదర్‌బోర్డు హెచ్610 – 1’ ఏ బోర్డో రేపు మళ్లీ అడుగుతారని, బోర్డు డబ్బా కూడా అటక మీద పెట్టించాను. పాత పేపర్లవాడికి వేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మేస్త్రీ,
కాజీపేట, హనుమకొండ జిల్లా